క్లీనరుకి కొండపిండి

మా వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. కట్టింది లారీ డ్రైవర్లు. పైన రెండు పావురాలు, కింద గులాబీలు, మధ్యలో మా బాబాయ్. ఫొటోలో నవ్వుతున్నాడు. ఆయన నవ్వే మనిషి కాదు కాబట్టి ముందు ఇంకెవరో పోయారనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆయనే. చొక్కా మీద, జేబు పక్కన, గోధుమరంగు చెవి ఒకటి అతుక్కుని ఉంది. ఒళ్ళో కుక్కని పెట్టుకుని దిగిన ఫొటో అది. ఫ్లెక్సీ తయారు చేసినవాడు కుక్కని తీసేసి చెవిని మరిచిపోయాడు.

కింద ఆయన పేరు ఇంటిపేరుతో సహా పెద్ద అక్షరాల్లో వేశారు. గోడకి గోడ ఆనుకుని ఇన్నేళ్ళు బతికినా ఆ పేరు నాకు తెలియదు. దాచేపల్లిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ బాబాయే. నాకు ఏ వరసా కాదు, అయినా బాబాయే. ఇప్పుడు కొత్తగా ఆ పేరు రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టుంటుంది. వద్దు.

సిమెంటు లారీ నడిపేవాడు. కళ్ళు మసకబారాక మానేశాడు గానీ లారీ ఆయన్ని వదల్లేదు. మనిషి ఒంటిని కూడా బండిగానే చూసేవాడు. కడుపు ట్యాంకు, మోకాళ్ళు కమాన్‌కట్టలు, మూత్రపిండాలు ఫిల్టర్లు. నేను బడిలో పాఠాలు చెప్పి కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే అరుగు మీద నుంచే అరిచేవాడు. "ఏందమ్మాయ్, ఓవర్‌లోడా? పొద్దున్నుంచి నీళ్ళు తాగావా లేదా? ఫిల్టరు పట్టేసుద్ది, చూస్కో." పలకరింపు అంటే అదే. బాగున్నావా అని అడగడం ఆయనకి చేతకాదు.

నీళ్ళ గురించి ఆయనకంత పట్టింపు ఎందుకో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. చుట్టూ సున్నపురాయి. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది, పీచు పెట్టి రుద్దినా పోదు. మా ఊళ్ళో సగం మంది నడుము పట్టుకుని మెలికలు తిరిగినవాళ్ళే. ఆ నీళ్ళ వల్లే రాళ్ళొస్తాయని ఊరంతా నమ్మకం. అవునో కాదో నాకు తెలియదు. ఇక డ్రైవర్ల సంగతి వేరే. ఇంజను సెగ మీద కూర్చుంటారు, దిగాల్సి వస్తుందని నీళ్ళు తాగరు, వచ్చింది ఆపుకుంటారు. బాబాయ్‌కి అట్లాగే రాయి వచ్చింది. పెద్ద డాక్టరు ఆపరేషన్ అన్నాడు. ఈయన మంచం మీద నుంచి దిగి బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. కొండపిండి ఆకు వేళ్ళతో సహా పీకి, కడిగి, దంచి, కషాయం కాచుకున్నాడు. ఉలవలు నానబెట్టి ఉడకబెట్టి ఆ కట్టు తాగాడు. అరటి దూట రసం తాగాడు. ఒక రోజు రాయి పడిపోయింది.

ఆ రాయిని తలనొప్పి మందు డబ్బాలో దాచాడు. ఎవరొచ్చినా తీసి చూపించేవాడు. నిజానికి అది ఆవగింజ కంటే కొంచెం పెద్దది. ఆయన చెబుతుంటే మాత్రం రేగ్గాయంత అయ్యేది. "కత్తికి దొరకలేదమ్మాయ్, ఆకుకి దొరికింది" అనేవాడు. ఆయన జీవితంలో గెలిచిన గెలుపు అదొక్కటే అనుకుంటాను. లారీ ఏనాడూ సొంతం కాలేదు, సొంత ఇల్లు సగంలో ఆగింది. రాయి మాత్రం పడిపోయింది.

నేను వెటకారం చేస్తాను గానీ మా ఆయన నొప్పితో నేల మీద దొర్లినప్పుడు గోడ దూకి వచ్చింది ఈయనే. చెంబు నిండా ఏదో పచ్చటి కషాయం తెచ్చి ముక్కు మూసి తాగించాడు. తగ్గింది. కషాయానికే తగ్గిందో, దానంతటదే తగ్గిందో, మా ఆయన ఆ రోజు నుంచి బాబాయ్ భక్తుడైపోయాడు. వీధిలో ఎవరు నడుము పట్టుకున్నా మా ఆయనే వెంటబెట్టుకుని ఆ అరుగు దగ్గరికి తీసుకెళ్ళేవాడు.

ఇక క్లీనరు. ఫ్యాక్టరీ బయట లారీలు లోడుకి వరసలో ఆగే పెద్ద ఖాళీ జాగా ఉంది, యార్డు అంటాం. ఓనర్లు లారీకి క్లీనర్లని పెట్టడం మానేసిన రోజుల్లో, అక్కడ ఒక కుక్కపిల్ల బాబాయ్ లారీ మెట్టెక్కి లోపలికొచ్చి క్లీనరు సీట్లో పడుకుంది. దించితే మళ్ళీ ఎక్కింది. సరే ఉండరా అని దానికి క్లీనరు అనే పేరు పెట్టాడు. "జీతం అడగడు, బీడీలు దొంగిలించడు, నిద్దరపోతే లేపుతాడు" అని పొగిడేవాడు. బండి రివర్సు చేసేటప్పుడు వెనక ఎవరైనా ఉంటే మొరిగేదట. ఇది మాత్రం నేను నమ్మను.

లారీల మధ్య పెరిగింది కదా, లారీ టైరు దగ్గర తప్ప ఇంకెక్కడా కాలెత్తేది కాదు. బాబాయ్ ఇంటి పట్టున ఉన్నాక కూడా రోజూ పొద్దున్నే దాన్ని యార్డుకి తీసుకెళ్ళేవాడు. ముందు లుంగీ ఎగగట్టిన ఈయన, వెనక తోక ఎగగట్టిన అది. పిన్ని గుమ్మంలో నిలబడి, "ఏమే, చూశావా ఊరేగింపు?" అని నాకు చూపించేది.

పిన్ని అంటే బాబాయ్ భార్య. చర్చికి వెళ్తుంది, పాటలు బాగా పాడుతుంది, తిట్లు ఇంకా బాగా తిడుతుంది. కుక్క తిండి విషయంలో ఆమెకీ ఆయనకీ ఎప్పుడూ పడేది కాదు. రోడ్డు మీద తిరిగినన్నాళ్ళు దాబాల్లో తను ఏం తింటే దానికి అదే పెట్టాడు. పరోటా, లివర్ ఫ్రై, ఆమ్లెట్టు, ఉప్పు చేప. ఇంటికొచ్చాక కూడా అంతే. "మొగుడు తిన్న పళ్ళెంలో నేను తింటే సిగ్గుపడతాడు, కుక్క తింటే సిగ్గుపడడు" అనేది పిన్ని.

ఒక వర్షాకాలం గేటు ముందు కళ్ళాపి చల్లబోయి పిన్నే చూసింది. గట్టు మీద ఎర్రటి మరకలు. క్లీనరు నాలుగడుగులకోసారి కాలెత్తుతోంది, దించుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. ఆ రోజు మా బడికి సెలవు. పశువుల డాక్టరు దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. బాబాయ్ కుక్కని కండువాలో చుట్టి చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నెమ్మదిగా పొట్ట నొక్కి చూసింది. నరసరావుపేట వెళ్ళి ఎక్స్‌రే తీయించుకొస్తే దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి మాకు చూపించింది. రాళ్ళు తెల్లగా, గుంపుగా ఉన్నాయి.

"కొన్ని రకాల రాళ్ళు మందులకీ, తిండి మారిస్తేనూ కరుగుతాయండీ. ఇవి ఆ రకంలా లేవు. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించడం మంచిది" అంది. "ఈలోపు లివరు, మాంసం, ఉప్పు, పాలకూర పూర్తిగా మానెయ్యండి. మెత్తటి అన్నంలో సొరకాయ ఉడికించి పెట్టండి. నీళ్ళు బాగా తాగనివ్వండి. కానీ ఒంటేలు ఆగిపోయినా, చుక్కలు చుక్కలుగా పడుతున్నా ఇంట్లో ఇంకేమీ తాగించొద్దు. వెంటనే తీసుకొచ్చెయ్యాలి. అర్థమైందా అండీ?"

"అయిందమ్మా" అన్నాడు బాబాయ్, చేతులు కట్టుకుని.

బయటికొచ్చాక నాతో అన్నాడు. "చూశావా, డాక్టరమ్మ గూడా నీళ్ళే అంది."

"ఆపరేషన్ అని కూడా అంది బాబాయ్."

"నాకూ అన్నారు గదమ్మాయ్ ఆపరేషన్. ఏమైంది? కోశారా?" జేబులోంచి తలనొప్పి మందు డబ్బా తీశాడు. నేను బస్సొస్తోందని చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత జరిగిన వైద్యం మా వీధికంతా కాలక్షేపం. తన పథ్యం, కుక్క పథ్యం ఒకటే చేసేశాడు. చేపలు మానేశాడు, చికెన్ మానేశాడు, ఉప్పులేని సొరకాయ అన్నం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. అప్పటిదాకా దానికి బోరు నీళ్ళే. ఇప్పుడు క్యాను నీళ్ళు తెప్పించాడు, కుక్కకి క్యాను, తనకీ పిన్నికీ బోరు. "నాకు జొరమొస్తే మాత్ర యాడుందో తెలవదు ఈయనకి. దీనికి మినరల్ వాటరంట" అని పిన్ని నాకు వినపడేట్టు గోడతో చెప్పేది. అలా అంటూనే ఉలవలు నానబోసేది, బార్లీ కాచేది.

ఉలవకట్టు దానికి నచ్చలేదు. వాసన చూసి మూతి ముడిచేది. అప్పుడు బాబాయ్ రెండు గిన్నెలు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. ముందు తను గటగటా తాగి, మీసం తుడుచుకుని, గట్టిగా త్రేన్చేవాడు. "చూశావా, నేను తాగలా? తాగరా. ఫిల్టరు కడుక్కోవాలరా." క్లీనరు కాసేపు ఆయన మొహంలోకే చూసేది. తర్వాత చూపు తిప్పకుండా, గిన్నెలోకి చూడకుండా, నాలుకతో తాగేది. పూర్తిగా తాగేది. నేను గోడ మీద నుంచి చూసి నవ్వేదాన్ని. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సంగతి డ్రైవర్లకి తెలిసింది. కారంపూడి వైపు నుంచి వచ్చేవాడు, మాచర్ల నుంచి వచ్చేవాడు, ఎవరికి దారి పక్కన కొండపిండి కనబడినా బండి ఆపి పీక్కొచ్చేవాళ్ళు. మా వీధి దగ్గరికి రాగానే హారన్ కొట్టి కట్ట కిందికి విసిరేవాళ్ళు. "బాబాయ్, క్లీనరుకి!" అని ఒక కేక. తెల్లటి దూది కంకుల కట్టలు అరుగు మీద వేళ్ళాడుతుండేవి. ఎండాకాలం మొదలై చేల గట్లు ఎండిపోతే, తెలిసిన లారీ ఎక్కి విజయపురి సౌత్ దాకా వెళ్ళి, కాలవ తడి ఉన్నచోట వెతికి సంచీ నిండా తెచ్చుకున్నాడు.

పిన్ని చర్చిలో ప్రార్థన కోరింది. కుక్క అంటే నవ్వుతారని, "మా ఇంటాయన క్లీనరుకి రాళ్ళ జబ్బు, బాగా బాధపడతన్నాడు" అని చెప్పింది. వాళ్ళు మోకరించి ఆ క్లీనరు కోసం, అతని భార్యాబిడ్డల కోసం కూడా ప్రార్థన చేశారు. ఒకామె అరటిపళ్ళు తీసుకుని పలకరించడానికి వస్తే పిన్ని గుమ్మంలోనే ఆపి, "నిద్దరపోతన్నాడు" అని చెప్పి పంపింది. ఆ పళ్ళు క్లీనరు తినలేదు, మేం తిన్నాం.

నిజం చెప్పాలంటే మధ్యలో కొన్నాళ్ళు బాగుంది. నెత్తురు ఆగింది. ఒకరోజు బాబాయ్ పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చాడు. ఆయన పరిగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. అరచేయి చాపాడు. అందులో ఇసక రేణువుల్లాంటివి, తెల్లగా.

"పడుతున్నయ్ అమ్మాయ్! టైరు మీద చూశా. పొడైపోతన్నయ్!"

ఏం చెయ్యాలో తెలియక ఆ చేతిని మా ఆయన ముందు పెట్టాడు, మా అత్తగారి ముందు పెట్టాడు. ఆ సాయంత్రమే యార్డులో ఎవరో సెల్‌ఫోనుతో ఫొటో తీశారు. ఫ్లెక్సీ మీద నవ్వు ఆ రోజుది.

నేను కూడా నమ్మాను. చదువుకున్నదాన్ని, పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, డాక్టరమ్మ మాట విన్నదాన్ని. అయినా ఆ అరచేయి చూశాక నమ్మాను. ఊరంతా ఒకటి కావాలని కోరుకుంటుంటే నేనొక్కదాన్నే కాదని ఎట్లా అనుకోను?

మే నెల ఎండల్లో మళ్ళీ మొదలైంది. ఈసారి నెత్తురు లేదు, ఒంటేలే లేదు. బడికి సెలవులు, అయినా ఏదో ట్రైనింగని పొద్దున్నే బయల్దేరాను. యార్డు పక్కగా వెళ్తుంటే లారీల మధ్య మనుషులు గుమిగూడి కనిపించారు. వెళ్ళి చూశాను.

బాబాయ్ క్లీనరుని టైరు టైరు దగ్గరికీ తిప్పుతున్నాడు. అది కాలెత్తి అట్లాగే ఉండిపోతోంది, వెనక కాళ్ళు వణుకుతున్నాయి, నడుం వంగిపోయింది. పక్కనే ఈయన గొంతుక్కూర్చుని, తల్లులు చంటిపిల్లల్ని కూర్చోబెట్టి చేసినట్టు, "స్స్స్... స్స్స్..." అంటున్నాడు. మీసాల డ్రైవర్లు చేతులు కట్టుకుని గుళ్ళో నిలబడ్డంత నిశ్శబ్దంగా నిలబడ్డారు. చాలాసేపటికి ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకో చుక్క.

"పడింది!" అన్నాడు బాబాయ్, చుట్టూ అందరి మొహాల్లోకీ చూస్తూ.

"బాబాయ్, చుక్కలు పడితే వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఇంకేం తాగించొద్దంది. నా ఎదురుగానే చెప్పింది" అన్నాను.

"లైను శుభ్రపడతంది అమ్మాయ్."

"శుభ్రపడటం కాదు, మూసుకుపోయింది."

ఆయన లేచి నిలబడి, తెలియని పిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "డీజిల్ లైన్లో గాలి చేరుద్ది. అప్పుడు బండి స్టార్ట్ గాదు. ఏం చేస్తాం? చేతిపంపు కొడతాం. కొడతా ఉంటే ముందు చుక్క, ఇంకో చుక్క, బుడగలు. ఆపామా, అంతే. ఆపకుండా కొడితే ఒక్కసారి ధార కొడుద్ది. ఏరా, అవునా కాదా?"

డ్రైవర్లందరూ అవునన్నారు. నిజమే కదా మరి, ప్రతివాడూ ఎక్కడో అడవి దారిలో బండి ఆగిపోతే చెమటలు కారుతూ ఆ పంపు కొట్టి బయటపడ్డవాడే. చుక్క పడిందంటే ధార వస్తుందని వాళ్ళందరికీ చేతులకి తెలుసు. ఆ ఫొటో తీసినవాడే, "ఇంకొంచెం పట్టియ్యి బాబాయ్" అన్నాడు. ఇంటికి ఫోను చేసి మా ఆయనకి చెప్తే ఆయనా అంతే. "నాకూ ముందు చుక్కలే వచ్చాయి కదే" అన్నాడు.

ఇక పంపు కొట్టడం మొదలైంది. ఉలవకట్టు, కొండపిండి కషాయం, బార్లీ, మళ్ళీ ఉలవకట్టు. నేను సాయంత్రం వచ్చేసరికి క్లీనరు పొట్ట బిగిసిపోయి ఉంది. చెయ్యి వేస్తే మూలిగింది. అప్పటికీ బాబాయ్ ముందు తను తాగుతున్నాడు, ఆ తర్వాత అది ఆయన్ని చూస్తూ తాగుతోంది. నేను అరిచాను. వీధిలోవాళ్ళు వినేట్టు అరిచాను. "చంపేస్తావా బాబాయ్ దాన్ని!" అని నా నోటితోనే అన్నాను. పిన్ని కూడా నావైపే వచ్చి ఆయన చేతిలో గిన్నె లాక్కుంది. మర్నాడు పొద్దున్న గుంటూరు వైపు వెళ్ళే లారీలో ఎక్కించాం. బాబాయ్ క్లీనరు సీట్లో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన ఆ సీట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

పదకొండు దాటాక పిన్ని ఫోను మోగింది. అవతల బాబాయ్ గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా ఉంది.

"తగ్గిందే! పిడుగురాళ్ళ దాటినాక ఒక్కసారిగా తగ్గిపోయింది. పొట్ట మెత్తబడింది. మూలుగు లేదు. నా చెయ్యి నాకతన్నాడే!"

"ఉచ్చ పోశాడా?" అంది పిన్ని.

"పోసే ఉంటాడు. నా లుంగీ తడిగానే ఉంది. చెమటో అదో. ఎనక్కి వచ్చేత్తన్నాం."

గుంటూరు పొమ్మని పిన్ని చెబుతూనే ఉంది. ఫోను పెట్టేశాడు. ఎదురుగా వచ్చే లారీ ఆపి, ఎక్కి, మధ్యాహ్నానికి వచ్చేశారు. ఒంటి మీద చొక్కా చెమటతో అతుక్కుపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. క్లీనరుని అరుగు మీద నీడలో పడుకోబెట్టాడు. నిజంగానే అది మూలగడం లేదు. కళ్ళు సగం మూసి ప్రశాంతంగా ఉంది. పొట్ట మెత్తగా ఉంది. నేను చెయ్యి వేసి చూశాను. నాకు ఏమీ తెలియలేదు. హమ్మయ్య అని కూడా అనుకున్నాను.

"ధార కొట్టింది, చెప్పలా?" అన్నాడు బాబాయ్. లోపలికెళ్ళి ఉలవకట్టు తెచ్చుకున్నాడు. ముందు తను తాగాడు. క్లీనరు పడుకునే తల ఎత్తి, ఆయన మొహం చూసి, నాలుగు గుక్కలు తాగింది.

తెల్లవారేసరికి చచ్చిపోయింది.

కొన్నాళ్ళకి మందుల షాపు దగ్గర డాక్టరమ్మ కనిపించి, ఆ కుక్క ఎట్లా ఉందని అడిగింది. చెప్పాను. పొట్ట మెత్తబడిందని చెప్పేసరికి కళ్ళు మూసుకుంది. "మూత్రం సంచి పగిలి ఉంటుందండీ. నిండిపోయి, ఇక పట్టక లోపలే పగులుతుంది. పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుంది. ఇంటివాళ్ళు బాగైందనుకుంటారు" అంది. నేను ఆ మాట మా ఆయనకి చెప్పాను, పిన్నికి చెప్పాను. ఆయనకి చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం.

ఆయన మాత్రం అడుగుతూనే ఉన్నాడు. యార్డుకి వెళ్ళి డ్రైవర్లని అడిగాడు, చర్చి ముందు పాస్టరుగారిని ఆపి అడిగాడు, సోడా బండివాణ్ణి అడిగాడు. "నేను తాగించిన నీళ్ళ వల్లేనంటావా?" ఒకటే ప్రశ్న. అందరూ ఒకటే రకం జవాబు చెప్పారు. ముసలిదైంది బాబాయ్. ఆయుష్షు తీరింది. దేవుడు పిలుచుకున్నాడు. నువ్వు చేసినంత సేవ మనిషికి కూడా ఎవరూ చెయ్యరు. ప్రతి జవాబుకీ తల ఊపేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

ఎవరైనా నడుము పట్టుకుని వస్తే తలుపేసుకునేవాడు. "నాకేం తెలవదు, పోండి, కోయించుకోండి" అని లోపలి నుంచి అరిచేవాడు. ఒకసారి మా ఆయన బతిమాలి ఎవరినో తీసుకెళ్తే కొండపిండి కట్టలన్నీ వీధిలోకి విసిరేశాడు. మా ఆయన ఏడుస్తూ వచ్చాడు.

తర్వాత నీళ్ళు తాగడం మానేశాడు. పూర్తిగా కాదు. పిన్ని తిట్టి పోస్తే ఒక గుక్క. "దాహం లేదే" అనేవాడు. మా ఊరి ఎండల్లో దాహం లేని మనిషి ఉంటాడా? నోరు ఎండి పెదాలు చిట్లినా అదే మాట. ఆ ఒళ్ళు ఎట్లా తరిగిందో తెలియదు. నేను వారం రోజులు ఊరెళ్ళి వస్తే అరుగు మీద ఇంకెవరో ముసలాయన కూర్చున్నాడనుకున్నాను. ఆ తర్వాత మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. సత్తెనపల్లి నుంచి కూతురు వచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్పించింది. రెండు మూత్రపిండాలూ పోయాయన్నారు.

నేను చూడటానికి వెళ్ళింది ఒక ఆదివారం మధ్యాహ్నం. పిన్ని మంచం కాళ్ళ దగ్గర కూర్చుని కునుకుతోంది. బాబాయ్ నన్ను గుర్తుపట్టి చెయ్యి కదిపాడు. దగ్గరికి వంగాను.

"పంతులమ్మా" అన్నాడు. నన్ను అట్లా ఎప్పుడూ పిలవలేదు. "నువ్వు పిల్లలకి అబద్ధం చెప్పవు గదా."

ఏం అడుగుతాడో తెలుసు. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ చచ్చిపోయే మనిషి ఒకే ప్రశ్న అడిగి అడిగి అలిసిపోతే, మళ్ళీ ఆయుష్షనీ దేవుడనీ ఆయన నోట్లో కుక్కడం నావల్ల కాలేదు. ఇప్పుడు అడిగినా నేను అదే జవాబు చెబుతాను.

"అవును బాబాయ్. ఆ నీళ్ళకే. లోపల పగిలింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"లారీలోనే గదా" అన్నాడు. "నా ఒళ్ళోనే. తగ్గిందని నేను ఫోను చేశానే, అప్పుడు."

"ఆఁ."

"ఇంటికొచ్చినాక గూడా పోశాను."

నేను తల ఊపాను.

"తాగాడమ్మాయ్. పగిలినాక గూడా తాగాడు. కడుపులో అంత పెట్టుకుని, నేను పోశానని తాగాడు." చెయ్యి పక్కమీద దేనికోసమో తడిమింది. గొంతు పెరిగింది. అది నాతో మాట్లాడే గొంతు కాదు. "వద్దనొచ్చు గదరా. మూతి తిప్పుకోవచ్చు గదరా క్లీనరూ. ఒక్కసారన్నా కరవచ్చు గదరా నన్ను."

ఆ అరుపుకి పిన్ని లేచింది. ఆయన్ని చూసి, నన్ను చూసి, ఏం జరిగిందో కనిపెట్టేసింది.

"ఏమే, చెప్పేశావా?" అంది. "నాలుగు రోజుల్లో పొయ్యేవాడే గదమ్మా. ఇన్నాళ్ళు దాచి దాచి చచ్చానే నేను."

ఆమె ఆయన తలని రెండు చేతుల్తో పట్టుకుని పొట్టకి అదుముకుంది. నన్ను బయటికి పొమ్మంది. నేను బయటికి వచ్చి, ఆ వరండాలో అంతమంది మధ్య నిలబడి, లోపల ఆయన "కరవచ్చు గదరా" అని అదే మాట అంటుంటే విన్నాను.